ఒక్క కేసూ లేని ఊరు

నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది గురించి అడిగేవాళ్లు, కరోనాతో ఎంత కష్టపడ్డానో చెబుతానని ఎదురుచూస్తారు. కష్టపడ్డ మాట నిజమే. కానీ నా ప్రాణం తీసింది రోగం కాదు, వాదనలు. పొద్దున లేస్తే వాదన, పొద్దుగూకితే వాదన. కొత్తగా దవాఖానల్లో చేరుతున్న నర్సమ్మలు, ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తలు చదువుతారని ఇది రాస్తున్నాను. సూది వేయడం మీకు కొన్నాళ్లలో చేతికి వస్తుంది. నలుగురి మధ్య నిలబడి నాలుగు మాటలు పడుతూ కూడా వెనక్కి పోకుండా ఉండటం ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

అప్పుడు నేను ఎల్లారెడ్డి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరుని. ఇల్లు కామారెడ్డిలో. పొద్దున్నే ఎల్లారెడ్డిలో దిగి, సగం షట్టరు దించి నడుపుతున్న ఒక హోటల్లో చాయ్ తాగి డ్యూటీకి పోయేదాన్ని. ఆ హోటల్లో రెండు పార్టీలు ఉండేవి. అసలు రోగమే లేదు, ఉత్తుత్తి లెక్కలు రాసి జనాన్ని భయపెడుతున్నారని ఒక పార్టీ. లెక్కలు దాస్తున్నారు, శ్మశానానికి పోయి చూస్తే తెలుస్తుందని రెండో పార్టీ. విచిత్రం ఏమిటంటే ఇద్దరి చేతిలోనూ అదే ఫోను, అందులో నిన్న సాయంత్రం వచ్చిన అదే లెక్క. నేను కనబడగానే పంచాయితీ నా దగ్గరికి వచ్చేది. నేను ఒకటే చెప్పేదాన్ని: అది కుర్చీలో కూర్చుని ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్ల లెక్క, అంతకు మించి కాదు, మీలో ఎవరెవరు కూర్చున్నారు? ఎవరూ కూర్చోలేదు. ఇంకో చాయ్ చెప్పేవారు.

టీకా సంగతి మరీ వింత. మొదటి వేసవిలో దారిన పోయే ప్రతివాడూ నన్ను ఆపి అదే అడిగేవాడు. టీకా ఎప్పుడొస్తది, ముందు ఎవరికిస్తరు, మాకు దొరుకుతదా? నా పేరు ముందు రాసుకోమని చెప్పిన పెద్దమనుషులు ఉన్నారు. తీరా టీకా వచ్చి గుమ్మం ముందు నిలబడితే వాళ్లే వెనక తలుపు నుంచి మాయమయ్యారు. రాకముందు అందరికీ చుట్టమే, వచ్చాక ఎవరికీ పరిచయం లేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా దవాఖాన కింద, అడవి అంచున ఒక ఊరు ఉంది. పేరు వద్దు. ఆ ఊళ్లో ఒక్క కేసూ లేదు. మొదటి వేసవిలో లేదు, రెండో వేసవిలో చుట్టూ ఊళ్లన్నీ దగ్గుతున్నప్పుడూ లేదు. ఎందుకు లేదంటే, ఎవరూ పరీక్ష చేయించుకోలేదు. మా దిక్కు ప్రతి ఊరికీ పెద్దమనుషుల కమిటీ ఒకటి ఉంటుంది. సర్కారు మాట కాదంటే నడుస్తుంది కానీ కమిటీ మాట కాదంటే నడవదు. మన ఊరికి రోగం రాలేదని కమిటీ గట్టిగా చెప్పుకుంది. ఇక పరీక్షకు పోయి ఊరి పేరు చెడగొట్టేది ఎవరు? ఎవరింట్లోనైనా కరోనా అన్న మాట పుడితే ఆ ఇంటి పాలు ఎవరూ పోయించుకోరు, ఆ ఇంటి మనిషిని కూలికి పిలవరు. అందుకని ఊరంతా టైఫాయిడే. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఇంటింటా దూలానికి సెలైన్ సీసా కట్టి పోయేవాడు.

ఆ ఊరి ఆశా కార్యకర్త మంచి పనిమంతురాలు. ముప్పై ఏళ్లుంటాయి. పొలాలున్న ఇంటి కోడలు. నడిస్తే వెనక మేం పరుగెత్తాలి. మొదటిసారి టీకాలు తీసుకుని మేం ఆ ఊరి బడికి పోయినప్పుడు జనం గేటు దగ్గరే ఆగిపోయారు. ఒక్కరూ లోపలికి రారు. అప్పుడు ఆమె ఇంటికి పోయి వాళ్ల మామను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన కమిటీలో పెద్దమనిషి, ఊళ్లో మాటున్న మనిషి. జ్వరం, దగ్గు ఏమైనా ఉన్నాయా అని మా నర్సమ్మ అడిగితే, నాకేం రోగం, ఎద్దు లెక్క ఉన్న అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన వేయించుకున్నాక మరికొందరు ధైర్యం చేశారు.

వారం తిరక్కుండా ఆయనకు ఆయాసం వచ్చింది. కామారెడ్డికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఇప్పుడు ఊరివాళ్లు లెక్క వేసిన తీరు చూడండి. మన ఊళ్లో రోగం లేదు. లేని రోగంతో మనిషి చావడు. మరి ఎట్లా చచ్చాడు? మిగిలింది సూదే. సూది దగ్గరికి తీసుకుపోయింది ఎవరు? కోడలు. మొదటి ముక్క నిజమని ఒప్పుకుంటే తక్కినదంతా నిజమే అయిపోతుంది. మొదటి ముక్కను కదిలించేవాడు ఆ ఊళ్లో లేడు.

ఆ పిల్ల బతుకు నరకం అయింది. మామను మింగిందన్నారు. ఆమె కనబడితే తలుపులు మూసుకున్నారు. అవన్నీ భరించేదేమో గానీ, అత్త ఆమెతో మాట్లాడటం మానేసింది. ఆమె చేతి అన్నం ముట్టడం మానేసి, మూడు రాళ్లు పెట్టుకుని విడిగా వండుకుంటోంది. మొగుడు అటూ చెప్పలేడు, ఇటూ చెప్పలేడు. కొన్నాళ్లు పుట్టింటికి పోయి ఉండమన్నాడట. ఇట్లా పోయిన ఆడమనిషి తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఒకరోజు దవాఖానకు వచ్చి మెడలోని గుర్తింపు కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టింది. ఏడవలేదు. ఇక నా వల్ల కాదు మేడం అంది. నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది.

"ఇది ఇచ్చినవంటె మామను నేనే చంపిన అని ఒప్పుకున్నట్టు. చంపినవా?"

లేదంది.

"మరి మెడలేసుకో."

వేసుకుని పోయింది. నేను మాత్రం ఆ రోజంతా కుదురుగా ఉండలేకపోయాను. ఆమెను అట్లా పంపేశాను సరే, నేనేం చేయాలి? ఆ ఊళ్లో ముసలీ ముతకా ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నేను చిన్న నర్సమ్మగా ఉన్నప్పుడు ఆ ఊళ్లో పిల్లలకు సూదులు వేస్తూ తిరిగినదాన్నే. ఆ కోడలు ఆ ఇంట్లో ఉండాలి, ఆ ముసలివాళ్లు బతకాలి. ఈ రెండూ ఒకటే పని అని నాకు అర్థమైంది. రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది. ఇది తేల్చకుండా ఇంటికి పోనని అనుకున్నాను.

మళ్లీ గురువారం ఆ ఊరికి మా టీకాల బండి పోవాలని రాసి ఉంది. ముందు రోజు ఆ పిల్ల ఫోన్ చేసింది. రాకండి మేడం, రేపు ఊరు వనవాసం పోతుంది అని. తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా దిక్కు రోగాలు, కరువు మీద పడ్డప్పుడు ఒక రోజు ఊరంతా ఖాళీ చేస్తారు. తెల్లవారకముందే ఇండ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను, పిల్లలను, కోళ్లను, మేకలను తీసుకుని ఊరవతలికి పోతారు. అక్కడే వంట, అక్కడే తిండి. పొద్దుగూకేదాకా ఒక్క ప్రాణి ఊళ్లో అడుగు పెట్టకూడదు. ఖాళీ ఊరు చూసి రోగం తన దారిన తాను పోతుంది.

ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించాను. మామూలు రోజు పోతే ఏమవుతుంది? మా బండి హారన్ వినగానే ముందు తలుపుకు గొళ్లెం పడుతుంది, మనుషులు వెనక దారిన అడవిలో దూరుతారు. వనవాసం నాడు గొళ్లెం పెట్టుకోవడానికి తలుపు లేదు. ఊరంతా ఒకచోట కూర్చుని ఉంటుంది. ఇంతకన్నా మంచి రోజు నాకు దొరుకుతుందా? పోదాం అన్నాను.

మా డాక్టరుగారు చిన్నవాడు, మంచివాడు. ఇది విని ఆయన ముఖం పాలిపోయింది. పూజ రోజు పోయి సూదులంటే కొడతారు మేడం అన్నాడు. కొట్టరు, తిడతారు అన్నాను. ఏమైనా అయితే తను వదిలి రాలేనని, వార్డులో పేషెంట్లు ఉన్నారని దాచకుండా చెప్పాడు. దానికి నేను ఏమీ అనుకోలేదు. ఫోన్ మాత్రం చేతిలోనే పెట్టుకుంటానన్నాడు.

నేను, కొత్తగా చేరిన ఒక నర్సమ్మ, డ్రైవరు ఐసు నింపిన టీకాల డబ్బాతో బయలుదేరాం. డ్రైవరు పాత మనిషి. ఈ మండలంలో దారులన్నీ కళ్లకు గంతలు కట్టినా చెబుతానని గొప్పలు పోయేవాడు. ఊరివాళ్లు దిగిన మామిడితోట ఊరికి అవతల వాగు ఒడ్డున ఉంది. చుట్టూ తిరిగి పోవడానికి బండ్లబాట ఉంది గానీ, మిరుగం కార్తె వానకు అదంతా బురద. మా వాడు అలవాటు కొద్దీ జీపును తిన్నగా ఊళ్లోకి తిప్పాడు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వేపాకు తోరణం, కింద పసుపు నీళ్లు చల్లిన గీత, పొద్దుగూకేదాకా ఎవరూ దాటకూడదని ఊరికి వేసిన కట్టు. అయ్యో, ఆపు అనే లోపే బండి తోరణం కింద నుంచి దూరిపోయింది.

ఆ ఊరిని అట్లా ఎప్పుడూ చూడలేదు. అన్ని తలుపులకూ తాళాలు, ప్రతి తాళానికీ వేపరెమ్మ. కుక్కలు కూడా మనుషుల వెంటే పోయినట్టున్నాయి. మా ఇంజను చప్పుడు మాకే వినబుద్ధి కాలేదు. డ్రైవరు చెంపలు వేసుకున్నాడు. ఇప్పుడు వేసుకుని ఏం లాభమని తిట్టాను.

మేం ఏ దిక్కు నుంచి వస్తున్నామో తోటలోవాళ్లు చూశారు. జీపు దిగకముందే చుట్టూ మూగారు. కమిటీ పెద్ద అందరికన్నా ముందున్నాడు. చనిపోయిన పెద్దమనిషి తర్వాత ఊళ్లో మాట ఇతనిదే.

"ఏంది మేడం గిది? ఊరు కట్టినంక నడూర్లకెల్లి బండి తెస్తరా? మేం తెల్లారంగ నుంచి చేసిందంత బూడిదల పోసిన పన్నీరాయె."

తప్పు మాదేనని చెప్పాను. నిజంగా తప్పే కదా. వెనక నుంచి ఎవరో ఆ డబ్బాను వాగులో పారేయమన్నారు. మా నర్సమ్మ డబ్బాను కడుపుకు హత్తుకుంది. పెద్దలు కాసేపు పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చి తీర్పు చెప్పారు. కట్టు తెంచినవాళ్లు కట్టులోనే ఉండాలి. పొద్దుగూకేదాకా మేం కదలకూడదు. బండి తాళంచెవి ఇచ్చేయాలి.

నవ్వు ఆపుకోవడం నాకు చాలా కష్టమైంది. ఒక్క గంట కూర్చోనిస్తే చాలని దండాలు పెట్టుకుంటూ వచ్చినదాన్ని. వీళ్లు శిక్ష అని రోజంతా ఇచ్చారు. డ్రైవరు దగ్గర తాళంచెవి తీసుకుని నేనే ఆయన చేతిలో పెట్టాను. ఐసు నిండుగా ఉంది, డబ్బాకు సాయంత్రం దాకా భయం లేదు. దాన్ని చెట్టు నీడన పెట్టించి, సూది ఊసెత్తకుండా ఆడవాళ్ల దగ్గరికి పోయి కూర్చుని ఉల్లిగడ్డలు కోశాను. మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే. పోగానే నోరు తెరవకండి. కాసేపు ఉల్లిగడ్డలు కోయండి.

మా ఆశా పిల్ల తోట అంచున ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె చుట్టూ అంత జాగా ఖాళీగా ఉంది. అత్త ఇంకో చెట్టుకు ఆనుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. ఇద్దరి మధ్యా ఊరంతా ఉంది.

మాట నేను ఎత్తాల్సిన పని లేకపోయింది. అన్నాలు ఉడుకుతుండగానే మగవాళ్లు ఫోన్లు తీశారు. మళ్లీ అదే హోటలు పంచాయితీ. పోయిన వారం కన్నా కేసులు తగ్గాయని ఒకడు, తగ్గలేదు తగ్గించారని ఇంకొకడు. టీకా వేసుకున్నవాళ్లు రెండేండ్లకు పడిపోతారని ఒక పిల్లవాడు ఎక్కడో విన్నది చెప్పాడు. మెల్లగా ఒక్కొక్కరే నన్ను అడగడం మొదలుపెట్టారు. వేసుకుంటే రోగం రానే రాదా? రావచ్చు, ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుందన్నాను. జ్వరం వస్తుందా? కొందరికి వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుందన్నాను. రెండేండ్ల తర్వాత సంగతి? అంత దూరం చూసి వచ్చినవాళ్లు ఇంకా ఎవరూ లేరు, కానీ ఈ వేసవిలో పోయినవాళ్లను మాత్రం మనందరం చూశామన్నాను. తెలియని చోట తెలియదనడం నాకేమీ నామోషీ అనిపించలేదు. అట్లా అన్నప్పుడే వాళ్లు ఎక్కువ విన్నారు కూడా.

కమిటీ పెద్ద దూరం నుంచి వింటున్నాడు. తమ్మీ, చిన్నప్పుడు నేను సూది తీస్తే వడ్ల గుమ్మిలో దాక్కున్నది నువ్వే కదా, ఇక్కడ గుమ్మి కూడా లేదు, ఎట్లా మరి అన్నాను. ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి, దగ్గరకు వచ్చి కూర్చుని, అసలు మాట అడిగాడు.

"సరె మేడం. ఒక్కటి చెప్పుండ్రి. మా పెద్దమనిషి ఎట్ల సచ్చిండు?"

నాకు తెలిసింది చెప్పాను. పరీక్ష చేయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ సూది వల్ల ఊపిరితిత్తులు అట్లా చెడవు. ఆ రోగం మనిషిలో చేరి ఆయాసం దాకా రావడానికి కొన్ని రోజులు పడుతుంది. సూదికి కొన్నాళ్ల ముందే ఆయన మద్నూర్ దిక్కు పెండ్లికి పోయి వచ్చాడు, అక్కడ అప్పుడు జ్వరాలు బాగా ఉన్నాయి. సూది వేసే నాటికే రోగం ఆయన లోపల ఉండి ఉంటుంది.

మరి ఆ రోజు జ్వరం ఉందా అని మీరు అడిగారు కదా, లేదన్నాడు కదా, ఆయన అబద్ధమాడే మనిషి కాదు అన్నాడు కమిటీ పెద్ద. చుట్టూ అందరూ తలలూపారు.

పోయిన మనిషిని, వాళ్లు దేవుడిలా చూసుకున్న మనిషిని, ఆయన ఊళ్లో ఆయన వాళ్ల మధ్య కూర్చుని అబద్ధాలకోరు అనగలనా? అంటే ఆ కోడలి బతుకు ఇంకా అన్యాయమైపోతుంది. రోజంతా కూడబెట్టుకున్నది చేతిలోంచి జారిపోతోందని తెలుస్తూనే ఉంది. చాలా బాధేసింది.

అప్పుడు చెట్టుకు ఆనుకున్న ఆమె కొంగు వెనక్కి తీసింది. పోయిన పెద్దమనిషి భార్య.

"ఆడిండు. అబద్దమే ఆడిండు."

కమిటీ పెద్ద ముఖంలోకి చూస్తూనే చెప్పింది.

"సూది కంటె ముంగటనే జరం. కూర సప్పగున్నదని పల్లెం నూకిండు. ఉప్పు నా చేతుల్తోటి ఏసిన నేను. ఎవ్వలకు చెప్పద్దన్నడు. కమిటీల పెద్దమనిషి ఇంట్లనె కరోన అంటె ఊరికి నామోషి అన్నడు. పిల్లకు సుత చెప్పద్దు, చెప్తె పరీక్షకు గుంజుకపోతది అన్నడు. నేను చెప్పలె."

ఎవరో నీళ్లు ఇవ్వబోతే వద్దంది.

"మనిషి పోయినంకన్న చెప్దమనుకున్న. ధైర్యం గాలె. అందరు పిల్ల మీద వడ్డరు. నేను గూడ వడ్డ. తెలిసి వడ్డ."

కమిటీ పెద్ద నేల చూపులు చూస్తున్నాడు. ఊరి ఆర్‌ఎంపీకి పొయ్యిలో మంట సరిచేసే పని ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి నిలబడింది. నన్ను ఆమె ఎప్పటినుంచో ఎరుగును, తన పిల్లలకు సూదులు వేసినదాన్ని.

"రాసుకో నర్సమ్మ. మా ఊర్లె ఒకటి. నా పెనిమిటి."

నా సంచిలో కాగితాలున్నాయి, కలం ఉంది. రాసినట్టు చేస్తే ఆమె మనసు చల్లబడేది. కానీ పొద్దుటి నుంచి నిజం చెబుతున్నానని కూర్చున్నదాన్ని, ఇప్పుడు ఆమెతో దొంగాట ఆడలేకపోయాను.

"అట్ల రాయరాదక్కా. పరీక్ష లేకుంటె లెక్కకు రాదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీ లెక్కకు రాకుంటె రాకపాయె. వీండ్లందరు విన్నరు. సాలు."

వెనక వరసలో ఒక ముసలాయన మెల్లగా, మా ఇంట్ల గూడ ఎవ్వలకు వాసన తెలువలేదు అన్నాడు. ఇంకో ఆమె తన మరిది సంగతి చెప్పింది. ఇక ఒకరి మాట ఒకరు అందుకున్నారు. ఏడాదిగా దూలాలకు వేలాడిన టైఫాయిడ్లన్నీ ఆ మామిడిచెట్ల కింద ఒక్కొక్కటే పేరు మార్చుకున్నాయి. అవేవీ ఏ బులెటిన్‌లోనూ రాలేదు. సర్కారు కాగితాల్లో ఆ ఊరికి ఈరోజుకీ ఒక్క కేసూ లేదు. మేం తీసుకుపోయిన టీకాలు మాత్రం పొద్దుగూకకముందే అయిపోయాయి. తాళంచెవి తెచ్చిచ్చిన కమిటీ పెద్ద తన జబ్బ రుద్దుకుంటూ, మళ్లీ ఎప్పుడొస్తరని అడిగాడు. తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ ఊరి నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి, మా వంతు ఎప్పుడని.

ఆ సాయంత్రం జరిగిన సంగతుల్లో అదంతా తర్వాతిది. ముందు జరిగింది చెప్పి ముగిస్తాను. ఆ అత్త లెక్క సంగతి తేల్చేసి, ఎవరో వేసిన కుర్చీలో పోయి కూర్చుంది. రవిక చేయి పైకి మడిచింది. మా చిన్న నర్సమ్మ కొత్త సీసా చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. మూత తీస్తే కొన్ని గంటల్లోపు పదిమందికి వేసేయాలి, లేకపోతే మిగిలింది పారబోయాలి. ఇంకా ఒక్కరు కూడా ఆమె వెనక నిలబడలేదు. తీయి అన్నాను.

నర్సమ్మ దూదితో చేయి తుడవబోయింది. ఆమె చేయి వెనక్కి లాక్కుని, తల తిప్పి, తోట అంచు వైపు చూసింది.

"ఏ పిల్లా. ఇటు రా."

ఎన్ని రోజుల తర్వాత ఆ పిలుపో. కోడలు లేచింది. నడిస్తే మమ్మల్ని పరుగెత్తించే మనిషికి ఆ కాస్త దూరం కాళ్లు రాలేదు. జనం జరిగి దారి ఇచ్చారు. వచ్చి కుర్చీ పక్కన నిలబడి, ఏం చేయాలో తెలియక, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. అత్త ఆమె చేయి దొరకబుచ్చుకుని తన చేతి మీద పెట్టుకుంది.

"ఏడుస్తవేందే? గట్టిగ వట్టుకో. నాకు సూదంటె భయం."